భవన నిర్మాణంలో ఇంధన పొదుపు స్మృతి : కేంద్ర, రాష్ట్ర, పురపాలక సంస్థల పాత్ర

ఒక భవనం ఏ దిక్కుకు ఎన్ని కిటికీలతో ఉండాలి, గోడలు ఎంత మందం ఉండాలి అనే విషయాలు ప్లాను మంజూరైన నాడే నిర్ణయమవుతాయి. తదుపరి నలభై, యాభై సంవత్సరాల పాటు ఆ భవనం వాడుకునే విద్యుత్తు చాలావరకు ఆనాటి నిర్ణయంపైనే ఆధారపడి ఉంటుంది. లోనికి చొరబడిన వేడిని ఏ.సి. యంత్రాలతో బయటకు తోడిపోయడానికి మండించే బొగ్గు లెక్క కూడా అక్కడే మొదలవుతుంది.

ఏ.సి. లేని ఇళ్లలో ఇది విద్యుత్ బిల్లుకు సంబంధించిన సమస్య కాదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా మరణించారు. వృద్ధులు, ఆరుబయట పనిచేసే కూలీలు వడదెబ్బకు సులభంగా గురవుతారు. పగలంతా కాగిన సిమెంటు స్లాబు రాత్రివేళ ఆ వేడిని గదిలోనికి వదులుతుంది. ఎండలో పనిచేసి వచ్చిన వ్యక్తికి నిద్రలో కూడా ఉపశమనం లభించదు. గూన పెంకుల ఇంటికి, మిద్దెకు ఈ బెడద ఇంతగా లేదని పెద్దలు చెప్పే మాటలో నిజం లేకపోలేదు.

అధికార పరిధుల దృష్ట్యా ఈ అంశం ఏ ఒక్క ప్రభుత్వానికీ పూర్తిగా చెందినది కాదు. రాజ్యాంగం ప్రకారం విద్యుత్తు ఉమ్మడి జాబితాలోను, భూమి, స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోను ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలులో భవన నిర్మాణ నియంత్రణ పురపాలక సంస్థల విధులలో ఒకటి. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ఈ విభజనను గుర్తించింది. స్మృతిని రూపొందించే అధికారం కేంద్రానిది; స్థానిక వాతావరణానికి అనుగుణంగా దానిని సవరించే అధికారం రాష్ట్రానిది. అది నిబంధనగా మారి అమలు కావలసినది మాత్రం పురపాలక కార్యాలయంలోనే.

2007 మే నెలలో విడుదలైన తొలి స్మృతి (ఇ.సి.బి.సి.) పెద్ద వాణిజ్య భవనాలకు ఉద్దేశించినది. 2017లో దానిని సవరించి, ఇంధన పొదుపును బట్టి మూడు స్థాయిలను నిర్దేశించారు. నివాస భవనాల కొరకు ఎకో నివాస్ సంహిత తొలి భాగం 2018 డిసెంబరులో వెలువడింది. దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించడం ఈ స్మృతిలోని కీలకాంశం. హైదరాబాదు మిశ్రమ మండలంలోను, విశాఖపట్నం ఉష్ణ-ఆర్ద్ర మండలంలోను ఉన్నాయి. గాలిలో తేమ అధికంగా ఉండే విశాఖలో గాలి ప్రసరణకు ఉన్న ప్రాధాన్యం వేరు. పొడి ఎండల హైదరాబాదు అవసరం వేరు. రాష్ట్ర స్థాయి సవరణ అవసరం కావడానికి కారణం ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో స్మృతిని భవన నిబంధనలలో చేర్చగా, విభజనానంతరం రెండు రాష్ట్రాలకూ అది సంక్రమించింది.

అయితే ఈ స్మృతి చిన్న ఇళ్లను తాకదు. ఆ లోటును పూరించే ప్రయత్నం స్థానిక స్థాయిలోనే ఆరంభమైంది. 2010 వేసవిలో వందలాది మంది మరణించిన అనంతరం అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2013లో వడగాలుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది. తదుపరి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశవ్యాప్త మార్గదర్శకాలను జారీ చేసింది. అనగా నగరం చేసి చూపినదే జాతీయ స్థాయికి చేరింది.

హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 2017లో 25 పేద కుటుంబాల ఇళ్ల పైకప్పులపై ఎండను తిప్పికొట్టే పొరను పరచి పరిశీలించగా, అటువంటివే అయిన ఇతర ఇళ్లకంటే లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల సెల్సియస్ తగ్గినట్లు తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదు ప్రాంతంలో, చల్లబరచడం దీని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో నిర్మించే నివాసాలకు దీనిని తప్పనిసరి చేశారు. అంతకు తక్కువ స్థలంలోని ఇళ్లకు ఇది ఐచ్ఛికం. బస్తీలలోని ఇళ్లు అత్యధికం ఈ రెండవ కోవకే చెందుతాయన్నది గమనార్హం.

2022లో చట్టాన్ని సవరించి 2023 జనవరి 1 నుంచి అమలులోనికి తెచ్చారు. దీనితో నివాస భవనాలు కూడా స్మృతి పరిధిలోనికి వచ్చాయి. సాధారణంగా 100 కిలోవాట్ల అనుసంధానిత లోడు పరిమితి కాగా, అంతకంటే తక్కువ పరిమితిని నిర్ణయించుకునే వెసులుబాటును రాష్ట్రాలకు కల్పించారు.

ఇక క్షేత్రస్థాయిలో మిగిలినది తనిఖీ. గోడ గుండా వేడి ప్రసరించే తీరును లెక్కించడం పట్టణ ప్రణాళికా సిబ్బందికి అలవాటైన పని కాదు. ప్లానులోని గాజు పలకే భవనానికి బిగించారో లేదో నిర్ధారించడం మరింత కష్టం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ను ఆపగలిగే అధికారం ఒక్కటే వారి చేతిలోని సాధనం. అది కూడా ఒక్కసారి మాత్రమే ఉపయోగపడుతుంది. తెల్లని పైకప్పు దుమ్ముకు మాసి క్రమంగా ప్రభావం కోల్పోతుంది. ప్రతి వేసవికి ముందు దానిని కడగవలసిన బాధ్యత ఇంటి యజమానిదే.