ఇరవై ఒకటా, పద్దెనిమిదా? - మద్యం వయసు గురించి మన నల్లరేగడి చెప్పే చరిత్ర

మద్యం కొనడానికి చట్టం నిర్ణయించిన వయసును 21 నుండి 18కి తగ్గించవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో కొన్నేళ్లకొకసారి తలెత్తి, నాలుగు రోజులు వాదోపవాదాలు నడిచి, మళ్లీ సద్దుమణుగుతూ ఉంటుంది. 2017లో కేరళ ఆ వయసును 21 నుండి 23కు పెంచింది. 2021 డిసెంబరులో హర్యానా శాసనసభ 25 నుండి 21కి తగ్గించింది. 2023 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం 18కి తగ్గిస్తామని ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరం చెప్పేసరికి కొద్దిరోజులలోనే ఉపసంహరించుకొన్నది. గోవాలో పద్దెనిమిదేళ్లకే కొనవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండాలి.

ఈ వాదంలో ఇరుపక్షాలవారు చెప్పే మాటలు మిత్రులకు తెలిసినవే. "పద్దెనిమిదేళ్లకు ఓటు వేయవచ్చు, సైన్యంలో చేరవచ్చు, గ్లాసు మాత్రం పట్టుకోరాదా?" అని ఒకరు. "అసలే చెడిపోతున్న కుర్రకారుకు మీరు తలుపులు కూడా తెరుస్తారా?" అని మరొకరు. నేను పుట్టి పెరిగినది గుంటూరు, ప్రకాశం జిల్లాల నడుమ పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. ఈ నేల మీద మద్యానికీ చట్టానికీ నూటముప్పై ఏళ్లకు పైగా నడిచిన కథను వరుసగా చూస్తే, వయసు అన్న మాటకు అందులో ఎంత చోటు ఉన్నదో తెలుస్తుంది. అది తెలిసిన తరువాత ఈ చర్చ కాస్త వేరుగా కనిపిస్తుంది.

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం పాట, పాట పాడుకొన్న గుత్తేదారుకు అమ్మే హక్కు, సర్కారుకు రాబడి - స్థూలంగా ఇదీ ఏర్పాటు. బాపట్ల, చీరాల తీరాన తాటిచెట్లకు కొదవ లేదు. పొద్దున్నే దింపిన కల్లు పొలానికి వెళ్లే కూలీకి సగం ఆహారం, సగం మందు. ఇంట్లో పెద్దవాడు మంచం మీద కూర్చుంటే, ముంత పట్టుకొని దుకాణానికి వెళ్లేది పదేళ్ల పిల్లవాడే. ఆ కాలపు సర్కారుకు పట్టినది తాగేవాని వయసు కాదు. చెట్టు మీద గీసిన అంకె.

ఈ ఏర్పాటు మీద మొదటి పెద్ద తిరుగుబాటు సహాయ నిరాకరణ రోజులలో వచ్చింది. 1921లో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊళ్లు విడిచి రామనగరంలో పాకలు వేసుకొన్నారు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానివేశారు. కల్లు దుకాణాల ఎదుట పికెటింగు కూడా ఆనాటి కార్యక్రమంలో భాగమే. దాని వెనుక రెండు ఉద్దేశాలు ఉన్నాయి. ఒకటి నైతికం: తాగుడు మానిపించడం. రెండవది రాజకీయం: సర్కారు ఖజానాకు గండి కొట్టడం. తరువాతి వందేళ్లలోనూ ఈ రెండూ విడివడలేదు. మద్యం గురించి మన దగ్గర ఎప్పుడు మాట్లాడినా నీతి ఒక చేతిలో, ఖజానా తాళం మరొక చేతిలో ఉంటూ వచ్చాయి.

1937లో రాజాజీ మంత్రివర్గం మద్య నిషేధ చట్టం తెచ్చింది. మొదట సేలం జిల్లాలో, మరుసటేడు చిత్తూరు, కడపలలో అమలు చేసింది. పోయిన రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను పెట్టారు. ఈనాడు మనం కొనే ప్రతి వస్తువు మీదా కడుతున్న పన్నుకు మూలాలలో ఒకటి ఆనాటి కల్లు ముంత అన్నమాట! స్వాతంత్ర్యం తరువాత, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. గమనించండి: సంపూర్ణ నిషేధంలో వయసుకు చోటే లేదు. పదేళ్లవాడికీ అరవై ఏళ్లవాడికీ ఒకటే సూత్రం. మనిషిని పెద్దవాడు, చిన్నవాడు అని విడదీయవలసిన అవసరం ఆ చట్టానికి కలగలేదు.

ఆ నిషేధం ఒక ప్రభుత్వాన్నే పడగొట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ముఖ్యమంత్రి అయినది మన ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. నిషేధం వల్ల గీత కార్మికుల బ్రతుకు తెరువు పోయింది, చాటుమాటున కాపుసారా పెరిగింది, రాబడి పడిపోయింది. పరిశీలనకు వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని సలహా ఇచ్చింది. ప్రభుత్వం అంగీకరించలేదు. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. చివరకు 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ప్రకాశంగారి మంత్రివర్గం కూలిపోయింది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టుకొన్నాము. కల్లు విషయమై పదవి పోగొట్టుకొన్న మనిషి పేరు ఆ జిల్లాలోని ప్రతి మద్యం లైసెన్సు మీదా అచ్చవడం చరిత్ర చేసిన చిత్రం.

ఆ నిషేధానికి తెర దించినది కూడా ఈ నేల మనిషే. నరసరావుపేట ప్రాంతం నుండి వచ్చిన కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. నిషేధం పోయి మళ్లీ లైసెన్సుల కాలం మొదలైంది. ఈ చట్టం నీడలోనే 21 ఏళ్ల గీత నేటికీ నిలిచి ఉన్నది. వయోపరిమితి నీతిశాస్త్రం నుండి పుట్టినది కాదు, లైసెన్సుతో పాటు వచ్చినది. "అమ్ముకో, కాని వీరికి అమ్మవద్దు" అని అమ్మేవానికి పెట్టిన షరతు అది.

సరిగ్గా 21 ఎందుకు? యుక్తవయసును బట్టి అనుకొందామా అంటే, 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం మన దేశంలో మనిషి పద్దెనిమిదేళ్లకే పెద్దవాడు. ఆస్తి అమ్ముకోవచ్చు, పత్రం మీద సంతకం చేయవచ్చు. అయితే 1968 నాటికి ఓటు హక్కు వచ్చే వయసు మాత్రం 21. దేశ వ్యవహారంలో మాట చెల్లే వయసూ, దుకాణంలో సీసా అడిగే వయసూ ఒకటిగా ఉండేవి. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చిలో ఓటు పద్దెనిమిదికి దిగింది. సీసా ఇరవై ఒకటి దగ్గరే ఉండిపోయింది. తగ్గించమని అడిగేవారి వాదానికి నిజమైన బలం ఇక్కడ ఉన్నది. దానిని ఎగతాళి చేసి తోసిపుచ్చలేము.

1980లలో సర్కారు సారా 'వారుణి వాహిని' పేరిట ప్యాకెట్లలోకి ఎక్కింది. ముంతకూ కుండకూ దుకాణం కావాలి. ప్యాకెట్టుకు జేబు చాలు. మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చిన కూలీల గుడిసెల దాకా, కల్లాల దాకా అది నడిచి వచ్చింది. దానికి జవాబు పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా నుండి వచ్చింది. అక్షరదీక్షలో చదువు నేర్చుకొన్న దూబగుంట ఆడవారు, రోశమ్మగారు ముందు నడవగా, సారా దుకాణం మూయించారు. 1992లో ఆ మంట ప్రకాశం జిల్లాకు, తరువాత రాష్ట్రమంతటికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావుగారు ప్రమాణ స్వీకార వేదిక మీదనే సంపూర్ణ మద్యనిషేధం దస్త్రం మీద సంతకం చేశారు, 1995 జనవరిలో అది అమలుకు వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తల్లులు అడిగినది "ఎన్నేళ్లవానికి అమ్మాలి?" అని కాదు. "మా ఊళ్లో అమ్మవద్దు" అని. భర్త సంగతి ఎలాగూ చేయి దాటిపోయింది, కొడుకైనా దక్కాలి అన్న బాధ ఆ కేకలో ఉన్నది. చట్టంలో ఆ కొడుకు కోసం అప్పటికే ఒక గీత ఉన్నది. కాని అది ఉన్నదని వారికి చెప్పినవారు ఎవరు?

ఇక్కడ ఒక్కసారి అమెరికా వైపు చూడాలి, తగ్గించి చూసి, మళ్లీ పెంచిన దేశం అది కనుక. 1971లో అక్కడ ఓటు వయసు 18 అయినది. "ఓటుకు పనికివచ్చినవాడు బీరుకు పనికిరాడా?" అన్న ఇదే వాదంతో దాదాపు 30 రాష్ట్రాలు మద్యం వయసును తగ్గించాయి. తరువాత రోడ్ల మీద కుర్రవారి చావులు పెరిగాయి. ఒక రాష్ట్రంలో 18, పక్క రాష్ట్రంలో 21 ఉన్నచోట పిల్లలు సరిహద్దు దాటి తాగి కార్లు నడుపుకొంటూ తిరిగి వచ్చేవారు. 1984లో కేంద్రం, వయసును 21 చేయని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తామన్నది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికి వచ్చాయి. 2008లో వందకు పైగా కళాశాలల అధ్యక్షులు "చాటుమాటు తాగుడే ఎక్కువ ప్రమాదం, మళ్లీ ఆలోచించండి" అని కోరినా గీత కదలలేదు. ఆ గీత గట్టిగా నిలవడానికి కారణం అంకె కాదు. అక్కడ దుకాణదారు గుర్తింపు కార్డు అడుగుతాడు. అక్కడకు చదువుకు వెళ్లిన మనవాళ్లకు ఇది అనుభవమే; బట్టతల వచ్చినా కార్డు చూపించమంటారు. తప్పితే తన లైసెన్సు పోతుందని అతనికి తెలుసు.

మన దగ్గర కార్డు అడిగే దుకాణం ఎక్కడ? లైసెన్సు దుకాణం మండల కేంద్రంలో ఉంటే, ఊరూరా బెల్టుషాపు ఉంటుంది. మా ఊళ్లో కూల్‌డ్రింకుల కొట్టు వెనుక గోతంలో క్వార్టర్లు ఉండేవి. సీసా మీద పదో ఇరవయ్యో ఎక్కువ ఇస్తే చాలు, మీసం మొలిచిందా లేదా అని చూసేవాడు కూడా లేడు. 2014 జూన్‌లో చంద్రబాబు నాయుడుగారు గుంటూరు సమీపాన, నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదనే బెల్టుషాపుల రద్దు దస్త్రం మీద సంతకం చేశారు. 2019 అక్టోబరు నుండి తరువాతి ప్రభుత్వం దుకాణాలను తానే నడిపి, 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. 2024 అక్టోబరులో లాటరీ పద్ధతిన మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. దశ మారినప్పుడల్లా ధర, దుకాణాల సంఖ్య, యజమాని మారాయి. కొనేవాని వయసు అడిగే అలవాటు మాత్రం ఏ దశలోనూ పుట్టలేదు.

2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసి ఉండగా, చేతులు శుభ్రం చేసుకొనే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. తలుపు మూసినంత మాత్రాన అలవాటు ఆగదని, ఒకసారి పట్టుకొన్న తరువాత అది మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందని ఆ ఊరు చెప్పింది. అలవాటు పట్టుకొనే తొలి ఏళ్లే అసలైన ఏళ్లు. వయసు గీత అవసరం అక్కడే.

ఇక నా అభిప్రాయం. తగ్గిస్తే ఎవరికి మేలు? పట్టణంలో బారుకు వెళ్లగలిగిన కళాశాల కుర్రవానికి కొంత గౌరవం దక్కుతుంది, దొంగచాటు తప్పుతుంది. కాదనను. కాని గుంటూరు యార్డులో మిరప టిక్కీలు మోసే పంతొమ్మిదేళ్లవానికి, కోతల కూలీ చేతికి అందిన రోజున కొట్టు వెనుకకు వెళ్లేవానికి, చట్టం మారినా ఏమీ మారదు. అతనికి నేడు అడ్డు లేదు, రేపూ ఉండదు. మారేది అతని తల్లికి. ఈ రోజు ఆమె స్టేషనుకు వెళ్లి "నా కొడుక్కి ఇరవై ఒకటి నిండలేదు, వీడు అమ్మాడు" అని అనగలదు. ఆ మాట చట్టం ప్రకారం అమ్మినవాని మీద నేరారోపణ, కొడుకు మీద కాదు. వయసు 18 అయిన మరుక్షణం, అలవాటు ముదిరే ఆ మూడేళ్లకు ఆమె చేతిలోని ఆ ఒక్క మాట కూడా పోతుంది.

వాడని కత్తి తుప్పు పడుతుంది కదా, అలాంటి హక్కు ఉంటేనేమి అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 21ని అలాగే ఉంచి ఊరుకొమ్మని నేను అనడం లేదు. దుకాణంలో కార్డు అడగడం తప్పనిసరి చేయాలి. చిన్నవానికి అమ్మినట్టు తేలితే లైసెన్సుదారుకు, అతని సరుకు బెల్టుషాపులో దొరికినా అతనికే, శిక్ష పడాలి. తాగిన కుర్రవానిని కొట్టి కేసు పెట్టే పద్ధతి మాత్రం వద్దు. ఇలా ఒక పదేళ్లు ఆ గీతను నిజంగా గీసి చూసిన తరువాత, అది 21 దగ్గర ఉండాలా, 18కి జరగాలా అని కూర్చుని మాట్లాడుకొందాము. అప్పుడు పద్దెనిమిదే సబబని తేలితే ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

మన నేల మీద నిషేధం రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయింది. సర్కారే అమ్మి చూసింది, గుత్తకు ఇచ్చి చూసింది, ధర పెంచి చూసింది. చేయకుండా మిగిలిపోయినది, అమ్మే ముందు "నీ వయసెంత?" అని అడగడం ఒక్కటే.