విశాఖకు సొంత టైము ఉన్న రోజులు

గత నెల ఆఫీసులో ఒక టైమ్ జోన్ బగ్ నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. క్లయింటు టొరంటోలో, మేము రుషికొండలో. అసలీ జోన్లు ఎవరు పెట్టార్రా బాబూ అని విసుక్కుంటూ వెతికితే సాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ తగిలాడు. 1827లో స్కాట్లండ్‌లో పుట్టి, 1845లో కెనడా చేరి, రైలు మార్గాల ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నవాడు. 1876లో ఐర్లండ్‌లో టైంటేబుల్లో తప్పు పడి రైలు అందక, ప్రపంచమంతటికీ ఒకే లెక్క ఉండాలని పట్టుబట్టాడంటారు. కెనడావాళ్ళు తమ జాతీయ జీవితచరిత్రల నిఘంటువులో మనుషుల్ని చనిపోయిన సంవత్సరాన్నిబట్టి సంపుటాలుగా పేర్చారు. పేరు తెలియకపోయినా ఒక తరమంతా దొరుకుతుంది.

అదే 1827లో పుట్టినాయన మన ఊళ్ళో ఒకరున్నారు. అంకితం వెంకట నరసింగరావు. ఆయన కథ మామగారి దగ్గర మొదలుపెట్టాలి.

గోడే వెంకట జగ్గారావు (1817–1856) జమీందారు. మద్రాసు వెళ్ళి ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్త టి.జి. టేలర్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. తిరిగొచ్చి 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టించాడు. జమీందారుగారి సరదా అని కొట్టిపారేయడం తేలికే. కానీ అప్పట్లో ఏ ఊరి టైము ఆ ఊరిదే. నక్షత్రం సరిగ్గా ఏ క్షణాన నడినెత్తి రేఖ దాటిందో పట్టుకుంటేనే గడియారం దిద్దుకోగలం. సముద్రం మీద అది నాలుగు సెకన్లు తప్పినా, భూమధ్యరేఖ దగ్గర ఓడ దాదాపు రెండు కిలోమీటర్లు తప్పు లెక్కలో ఉన్నట్టే. టైము జనానికి తెలిసేలా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య కూడా ఏర్పాటైంది.

జగ్గారావు ముప్పై తొమ్మిదేళ్ళకే పోయాడు. అబ్జర్వేటరీని అల్లుడు నిలబెట్టాడు. 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యుడి మీదుగా చిన్న నల్లచుక్కలా సాగినప్పుడు, ఆ క్షణాలు లెక్కపెట్టి సూర్యుడి దూరం తేల్చాలని దేశదేశాల బృందాలు బయల్దేరాయి. నరసింగరావు విశాఖలోనే చూశాడు. ఆయన రాసి పంపినది లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఇంత చేసిన మనుషులు నాకు ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు? మా భాషలో చెప్పాలంటే స్ట్రింగ్ మ్యాచ్ కాలేదు. లండన్ రికార్డుల ఇంగ్లీషులో మామగారు 'జగ్గరో', అల్లుడు 'నర్సింగ్ రో'. రెండోది చూస్తే ఆసుపత్రి వార్డేమో అనుకుంటాం. తెలుగు పేరుతో వెతికితే ఆ పేపర్లు రావు, ఆ పేపర్లు చదివినవాడికి మన వీధి తెలియదు.

ఆయన భార్య అచ్చయ్యమ్మ సంగతి ఇంకా అన్యాయం. జగ్గారావు కూతురు. 1892లో భర్త పోయాక అబ్జర్వేటరీని ఆవిడే చూసుకుంది. భర్త జ్ఞాపకంగా ఊరి కాలేజీకి భారీ విరాళమిచ్చింది. అదే మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ. శ్రీశ్రీ, సి.వి. రామన్ చదివిన చోటు. ఇచ్చింది ఆవిడ, పేరు ఆయనది, ఆవిడకి మిగిలింది ముందున్న 'మిసెస్' ఒక్కటే. మనం రోజువారీ మాటల్లో అదీ తీసేసి ఏవీఎన్ కాలేజీ అనేస్తాం.

ఫ్లెమింగ్ వాదించిన పద్ధతికి 1884లో వాషింగ్టన్ సమావేశంలో పునాది పడింది. 1906 నుంచి మనకు భారత ప్రామాణిక సమయం వచ్చింది. దాని రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. విశాఖ దానికి తూర్పున ఉంది కాబట్టి మన సొంత టైము మూడు నిమిషాలు ముందుంటుంది.

మొన్న ఆదివారం డాబా గార్డెన్స్ అంతా తిరిగాను. షాపులు, హోటళ్ళు, ట్రాఫిక్. అబ్జర్వేటరీ ఎక్కడని అడిగితే టీ కొట్టాయన "కైలాసగిరి మీదుందేమో చూడండి బాబూ" అన్నాడు. ఇంటికొచ్చి ఒక ఫైలు తెరిచాను. మూడు పేర్లు, ప్రతిదానికీ దొరికిన స్పెల్లింగులన్నీ, పోయిన సంవత్సరం. 1892 కింద ఇప్పటికి ఒక్క పేరే ఉంది. ఆ ఏడాది పోయిన విశాఖవాళ్ళు మీకింకెవరైనా తెలిస్తే చెప్పండి, చేరుస్తాను.