వేపచెట్టు: వాకిటి వైద్యం, విదేశీ వివాదం



మీరు బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, నాందేడులో ఉన్నా, యానాంలో ఉన్నా ఉగాదినాడు మీ ఇంటికి వేపపువ్వు రావలసిందే. ఇరుగుపొరుగు భాషలవారికీ ఈ చెట్టు అంత దగ్గరిదే. అదే రోజున కన్నడిగులు బేవు-బెల్ల పంచుకుంటారు, మరాఠీలు వేపాకు నోట వేసుకుంటారు. తమిళులు చిత్తిరై మొదటి రోజున వేపపువ్వు పచ్చడి చేస్తారు. పూరీ జగన్నాథుని మూర్తిని చెక్కేది వేప దారువుతోనే. 2015లో జరిగిన నవకళేబరానికీ వేపచెట్లనే వెతికి తెచ్చారు.

పూజ అందుకున్న ఈ చెట్టే మన వైద్యానికీ ఆధారమయింది. చరకసంహిత దురదను పోగొట్టే పది ద్రవ్యాలను ఒక గణంగా చెప్పింది. అందులో వేప ఒకటి. వేప, తిప్పతీగ, అడ్డసరం, చేదుపొట్ల, వాకుడు అనే అయిదు చేదులను కలిపి వైద్యులు పంచతిక్తమన్నారు. వీటితో కాచిన నేతిని చర్మరోగాలకు ఇస్తారు. ఇక వైద్యుడి దాకా వెళ్లని వాడకం ఎంతో ఉంది. పొద్దున్నే వేపపుల్ల, గజ్జికి వేపాకు పసుపు నూరిన ముద్ద, పశువుల పుండ్లకు వేపనూనె, ధాన్యపు గాదెలో ఎండు వేపాకు, పొలానికి వేపపిండి - ఇవన్నీ మీరెరిగినవే.

అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. రోగికి వేపరెమ్మలతో విసిరేవారు. దురద తగ్గి ఉపశమనం కలిగేది. గుమ్మాన మండ చూసినవారు లోపలికి వచ్చేవారు కాదు. అయితే మశూచి పోయింది టీకాల వల్ల. మన దేశంలో చివరి కేసులు 1975లో కనిపించాయి. వేప చేసిన మేలును చెప్పుకుంటూనే ఈ తేడానూ గుర్తుంచుకోవాలి.

ఆధునిక శాస్త్రం కూడా వేపను పట్టించుకుంది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెలోంచి నింబిన్ వంటి చేదు పదార్థాలను వేరుచేశారు. 1968లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వేపగింజలోంచి అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. మిడతలు పైరును ముట్టకుండా చేసేది ఇదే.

ఆ తరువాత వచ్చింది తగవు. మొక్కల బూజు తెగుళ్లకు వేపనూనెను వాడే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకీ 1994లో ఐరోపా పేటెంటు దక్కింది. మన వందనా శివ, ఐరోపా పార్లమెంటులోని గ్రీన్ సభ్యులు, సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య కలిసి 1995లో అభ్యంతరం తెలిపారు. పేటెంటు కోరడానికి ముందే అటువంటి ద్రావణం తయారుచేసి పొలాల్లో వాడిన ఒక భారతీయ పారిశ్రామికుడు సాక్ష్యం చెప్పారు. 2000 మే 10న పేటెంటు రద్దయింది. కంపెనీ పక్షం చేసుకున్న అప్పీలును 2005 మార్చిలో కొట్టివేశారు.

ఇక్కడ మనం గ్రహించవలసింది ఒకటుంది. మా తాతల నాటినుంచి తెలుసునంటే సరిపోలేదు. ఎవరు, ఎప్పుడు, ఎలా వాడారో చూపవలసి వచ్చింది. అందుకే 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా కూర్చే పని మొదలుపెట్టింది. కాని అందులోకి ప్రధానంగా చేరేది గ్రంథాల్లో ఉన్న మాట. మీ అవ్వ నోట ఉన్న మాట మీరు రాసి ఉంచితేనే నిలుస్తుంది. సరిహద్దు జిల్లాల్లో ఒకే మొక్కకు రెండు మూడు భాషల పేర్లుంటాయి. ఆ పేర్లన్నీ రాసి పెట్టండి. ఏ భాగం, ఎంత, ఏ బాధకు వాడారో రాయండి.

కీడు చేసిన వాడకాన్నీ రాయండి. పసిపిల్లలకు వేపనూనె తాగించడం ప్రమాదం. 1980లలో మలేషియాలో అలా తాగించిన పిల్లలకు వాంతులు, మూర్ఛలు వచ్చి ప్రాణాల మీదికి వచ్చిన సంగతి వైద్యులు నమోదు చేశారు. గర్భిణులు కూడా వైద్యుని అడగనిదే వేప మందులు లోపలికి తీసుకోరాదు. చేదంతా మందు కాదు. మోతాదు తెలిసిన చేదే మందు.