చేదు చూసి తరగాలి

మా వైపు దోసకాయ పప్పుకు కత్తిపీట ముందు కూర్చుంటే ముందు తరగరు, చేదు చూస్తారు. ముచ్చిక కోసి, అక్కడి నుంచి చిన్న ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంటారు. తర్వాత కాయను నిలువునా చీల్చి రెండు గింజలు చప్పరిస్తారు. రెండూ బాగుంటేనే ముక్కలు గిన్నెలో పడతాయి. ‘చేదు చూశావా?’ అని ఎవరో ఒకరు అడగందే మా ఇంట్లో దోసకాయ పొయ్యి ఎక్కలేదు. వంకాయలో పురుగు చూస్తాం, బెండకాయలో ముదురు చూస్తాం. నాలుకతో శోధించేది దోసజాతినే. ఈ అలవాటు ఎంత పాతదో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లోనే మొదలైంది. రిటైరయ్యాక అది ఇంకా పెరిగింది.

దోసజాతికి పుట్టుకతో వచ్చింది చేదే. హిమాలయాల దిగువ కొండల్లో కీరాకు దగ్గరి చుట్టమైన అడవి తీగ ఇప్పటికీ పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని హార్డ్‌వికీ అంటారు. కాయ చిన్నది, నోట పెట్టలేనంత చేదు. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది. ఆకు తినే పురుగును, గింజ ముదరకముందే కాయ కొరికే జంతువును తీగ వాటితోనే తరిమేస్తుంది. 2013లో 115 రకాల కీరాల జన్యువులను చదివిన పరిశోధకులు, అన్నిటికంటే ఎక్కువ వైవిధ్యం భారతదేశపు రకాల్లో ఉందని తేల్చారు. కీరాను మొదట మచ్చిక చేసుకున్నది మన ఉపఖండమేనన్న మాటకు అది గట్టి సాక్ష్యం.

పప్పులో, ఆవకాయలో పడే మన పసుపుపచ్చ దోసకాయ మాత్రం కీరా కాదు, కర్బూజాకు తోబుట్టువు. కీరాకు ఏడు జతల క్రోమోజోములైతే దీనికి పన్నెండు. పండే తీరులో కూడా తేడా ఉంది. కర్బూజా, దోస రకాల్లో చాలావి పండాక తొడిమ దగ్గర వాటంతట అవే విడిపోతాయి. కీరా పండి పసుపెక్కినా తీగను అంత తేలిగ్గా వదలదు. ఋగ్వేదం ఏడో మండలంలోని మృత్యుంజయ మంత్రం బంధం నుంచి విడివడే పండును తలుచుకుంటుంది. అది దోసపండే అయివుంటుందని నా నమ్మకం. పెరట్లో పాదు చూసిన వాళ్లకు ఆ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు.

2014లో చైనాకు చెందిన సాన్‌వెన్ హువాంగ్ బృందం కీరాలో చేదు తయారీ వెనక తొమ్మిది జన్యువులు ఉన్నాయని చూపింది. వాటిని నడిపించే మీట ఆకులో ఒకటి, కాయలో మరొకటి. మచ్చికైన కీరాల్లో కాయ మీట బలహీనపడింది, ఆకు మీట అలాగే ఉంది. అందుకే కాయ తియ్యగా ఉన్న తీగకు కూడా ఆకు చేదుగానే ఉంటుంది. కర్బూజా, పుచ్చ తీగల్లో సైతం కాయ చేదు ఇదే రకం మార్పుతో, దేనికది విడిగా తగ్గిందని 2016లో తేలింది. అంటే మూడు తీగల విషయంలోనూ మనుషులు ఒకే పని చేశారు. కొరికి చూశారు, చేదైతే ఉమ్మేశారు, బాగున్న కాయ గింజలు దాచారు.

ఆ పనిని నేను దగ్గరుండి చూశాను. మాది కృష్ణ ఒడ్డున లంకల పక్క ఊరు. మృగశిర వానకు మా నాయనమ్మ పెంటపోగు పక్కన పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి గింజలు పెట్టేది. తీగ సాగాక పొద్దున్నే, మంచు తడి ఆరకముందే, పొయ్యిలోని బూడిద తెచ్చి ఆకుల మీద చల్లేది. అది ఎర్ర పెంకు పురుగు కోసం. విత్తనానికి వదిలిన కాయకు దారం కట్టి, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూసేది. పండి పగిలాక గుజ్జు రుచి చూసేది. చేదు తగిలితే ఆ కాయ మొత్తం పశువులకు కూడా వేయకుండా పారేసేది. బాగుంటే గింజలు కడిగి, బూడిదలో పొర్లించి, పేడలో అద్ది గోడకు కొట్టేది. మరుసటి ఏడాది విత్తనం ఆ గోడ మీదే ఉండేది. ఇలాంటి గోడలు ప్రతి ఊళ్లో ఉండేవి. దోస చరిత్ర రాసేవాళ్లు ఈ ఆడవాళ్ల పనిని మొక్కల ప్రజనన శాస్త్రంగా లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1959లో నెదర్లాండ్స్‌లో అండెవెగ్, డి బ్రాయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆకులో కూడా చేదు లేని కీరా మొక్కను కనిపెట్టినట్టు ప్రచురించారు. చేదు లేని చాలా కొత్త రకాలకు ఆ గుణమే మూలం. మొలక బీజదళాలను కొరికి చూస్తే, కాయ దాకా ఆగకుండానే ఆ గుణం తెలిసిపోతుంది. వాళ్లు పట్టుకున్నదీ మా నాయనమ్మ పెరట్లో వెతికిందీ చేదు లేని తీగనే. కాకపోతే చేదు పోయినప్పుడు కాపలా కూడా కొంత పోయింది. చేదు లేని మొక్కను అమెరికాలోని దోస పెంకు పురుగులు అంతగా పట్టించుకోవు గానీ, నల్లి మాత్రం తేలిగ్గా పడుతుందని 1971లో తేలింది. ఆకు కింద సాలెగూడులాంటిది అల్లిన నల్లి కనబడితే ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోవాలి.

కాకర పక్కన దోస పెడితే చేదెక్కుతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. కాకరకూ దోసకూ సంకరం జరగదు, కీరాకూ దోసకూ కూడా జరగదు. పైగా ఏ పుప్పొడి పడినా ఈ ఏటి కాయ గుజ్జు తల్లి తీగదే, దాని రుచి మారదు. అసలు భయం బుడమకాయతో. చేలగట్ల మీద తనంతట తానే మొలిచే ఆ చిన్న కాయది మన దోస జాతే. తేనెటీగ దాని పుప్పొడి తెచ్చి మన దోస పువ్వు మీద వేస్తే ఈ ఏడు ఏమీ తెలియదు. ఆ గింజలు మరుసటి ఏడాది పెడితే చేదు కాయలు రావచ్చు. పెద్దవాళ్లు బుడమను పాదు దగ్గర ఉండనిచ్చేవారు కాదు. ఆ కట్టుబాటు వెనక ఉన్న జీవశాస్త్రం పూర్తిగా సరైనది.

చేదుకు రెండో కారణం నీళ్లు. వేసవిలో కృష్ణ, పెన్న ఇసక తిన్నెల్లో గుంటలు తవ్వి, ఎరువు నింపి దోస, పుచ్చ పండించేవారు. పైన ఎండ మాడుస్తున్నా ఇసక అడుగున తడి ఆరదు. తీగ నీటికి అల్లాడితే, లేదా చలి ఎక్కువైతే, బలహీనపడిన కాయ మీట మళ్లీ లేచి కాయలో చేదు చేరుతుంది. ఇప్పుడు విజయవాడలో మా డాబా మీద కుండీల్లో పెంచుతున్నాను. కుండీ వెడల్పుగా ఉండాలి. మట్టి మీద ఎండుగడ్డి పరచాలి. నీళ్లు ఒకరోజు ముంచి రెండు రోజులు ఎండగట్టకుండా సమంగా పోయాలి. కీరాను లేతగానే కోయాలి. చేదు తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువగా ఉంటుంది. అందుకే అక్కడ మందంగా కోసి పారేయాలి. కొస కోసి నురగ వచ్చేదాకా రుద్దే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. నా ఉద్దేశంలో మేలు చేసేది ఆ కోత, రుద్దడం కాదు.

పాలీహౌస్ కోసం తయారైన గింజలేని కీరా రకాలు డాబాల మీదికి కూడా వస్తున్నాయి. వాటికి పరాగం అక్కర్లేదు. పడితే కాయ ఉబ్బి వంకర పోతుంది. ఇంగ్లండ్ అద్దాల ఇళ్లలో మగపూలు తుంచే పద్ధతి అందుకే వచ్చింది. మన దోసకు తేనెటీగ రాకపోతే పిందె రాలుతుంది. రెంటినీ ఒకే తీరుగా చూడకూడదు.

చేదు సొరకాయ రసం తాగి కొందరు ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఘటనలను నిపుణుల కమిటీ పరిశీలించింది. రసం చేదుగా ఉంటే తాగవద్దని 2012లో భారత వైద్య పరిశోధన పత్రికలో హెచ్చరించింది. అందులో ఉన్నవీ ఈ కుకుర్బిటాసిన్లే. ఉడికించినా ఆ చేదు పోదు. కాబట్టి ముచ్చిక దగ్గరి ముక్క గట్టిగా చేదెక్కి ఉంటే తాలింపుతోనో చింతపండుతోనో కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. కాయ పారేయండి. ఆ తీగ గింజలు మాత్రం దాచకండి.