కుర్చీ వేశారు గానీ...

మొన్న మా పిన్నితో కలిసి ఓ ఆఫీసుకి వెళ్ళాను. బాబాయి పోయి మూడేళ్ళయింది. ఆయనకి రావలసిన పాత బకాయిల కోసం పిన్ని అప్పట్నించీ తిరుగుతూనే వుంది. మేం లోపలికి అడుగు పెట్టామో లేదో, అక్కడి పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "రండమ్మా, కూర్చోండి" అంటూ కుర్చీలు వేయించాడు. ఫాను మావైపు తిప్పించాడు. టీ తెప్పించాడు. ఫైలు సంగతి అడిగితే మాత్రం, "పైకి పంపామమ్మా, ఇంకా రాలేదు" అన్నాడు. కిందటిసారీ ఇదే మాటట. అంతకు ముందూ ఇదేనట.

మెట్లు దిగుతూ, "ఎంత మర్యాదస్థుడు పిన్నీ!" అన్నాను.

"మర్యాదకేం లోటు లేదే. కుర్చీ వెయ్యకపోయినా నేనేం అనుకోను, నిలబడే వుంటాను. నా కాగితం మీద ఆ సంతకం పడితే చాలు" అంది.

ఆ మాట వినగానే, ఎప్పుడో కాలేజీ రోజుల్లో చరిత్ర పాఠాల్లో తగిలిన ఒక వితంతువు నాకు గుర్తొచ్చింది. ఆవిడ ఆరువందల ఏళ్ళ కిందట పారిస్ నగరంలో ఇలాగే తిరిగింది. ఆ తిరిగిన రోజులు కూడా ఎలాంటివనుకున్నారు? మగవాళ్ళ మర్యాదకి పెట్టింది పేరైన షివల్రీ రోజులు!

షివల్రీ అంటే మనకి తెలిసిందేమిటి? ఆడవాళ్ళు వస్తే లేచి నిలబడటం, తలుపు తీసి పట్టుకోవటం, బస్సులో సీటు ఇవ్వటం. అసలు ఆ మాట పుట్టింది గుర్రంలోంచి. ఫ్రెంచి భాషలో షెవాల్ అంటే గుర్రం, షెవాలియే అంటే రౌతు. మధ్యయుగంలో గుర్రమూ, కవచమూ, కత్తీ వున్నవాడు బలవంతుడు. వాడికి పగ్గం లేకపోతే ఊళ్ళు మిగలవు. అందుకే ఇచ్చిన మాట తప్పకూడదనీ, లొంగిపోయినవాణ్ణి చంపకూడదనీ, వితంతువులకీ దిక్కులేనివాళ్ళకీ అండగా నిలబడాలనీ నియమాలు పెట్టారు. పాటించారా అంటారా? ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ జరిగిన నూరేళ్ళ యుద్ధంలో పల్లెల్ని దోచి, ఇళ్ళు తగలబెట్టినవాళ్ళలో ఈ రౌతులూ వున్నారు మరి.

నేను చెప్పే ఆవిడ పేరు క్రిస్టీన్ ద పిజాన్. 1364 ప్రాంతంలో వెనిస్‌లో పుట్టింది. తండ్రి ఫ్రాన్సు రాజు ఐదో చార్లెస్ కొలువులో జ్యోతిష్కుడు. పదిహేనో ఏట, రాజుగారి కార్యాలయంలో పనిచేసే ఎతియెన్ అనే యువకుడితో పెళ్ళయింది. అన్యోన్యమైన కాపురం. ఆవిడకి ఇరవై అయిదేళ్ళప్పుడు భర్త అంటువ్యాధితో పోయాడు. ముగ్గురు పిల్లలు, తల్లి, ఇంకో బంధువుల పిల్ల, అందరి భారమూ ఆవిడ మీద పడింది. డబ్బు వ్యవహారాలు పెళ్ళాలకి చెప్పే అలవాటు ఆ రోజుల్లో మగవాళ్ళకి లేదని క్రిస్టీనే రాసుకుంది. ఈ రోజుల్లో మాత్రం ఎందరికి వుంది చెప్పండి?

భర్తకి రావలసిన డబ్బు కోసం, ఆస్తి కోసం పదమూడేళ్ళకి పైగా కోర్టుల చుట్టూ తిరిగింది. ఒక దశలో నాలుగు కోర్టుల్లో వ్యాజ్యాలు! చలికాలంలో కూడా వణుకుతూ వెళ్ళి నిలబడాలి. తాగి వదరేవాళ్ళ వెకిలి మాటలు వినాలి. లేమి బయటపడకుండా, వున్న ఒక్క మంచి పైకోటునే భద్రంగా వాడుకుంటూ తిరిగిందట. ఇవన్నీ 1405లో తన జీవితం గురించి చెప్పుకున్న పుస్తకంలో రాసింది. అది చదివినప్పుడు నాకు మా పిన్ని వెంకటగిరి చీర కళ్ళముందు మెదిలింది. ఆఫీసుకి వెళ్ళే రోజునే బీరువాలోంచి తీస్తుంది దాన్ని.

క్రిస్టీన్ ఇలా తిరుగుతున్న రోజుల్లోనే, 1400లో, బూసికో అనే ఫ్రెంచి సేనాని ఒక సంఘం పెట్టాడు. బలవంతులు తమ భూములు కాజేస్తున్నారని వితంతువులు మొరపెట్టుకుంటుంటే విని, మరో పన్నెండుమంది వీరుల్ని కూడగట్టాడు. ఆకుపచ్చ డాలు మీద తెల్లని స్త్రీ బొమ్మ వాళ్ళ గుర్తు. అన్యాయానికి గురైన స్త్రీ కబురు పెడితే, ఆవిడ తరఫున అవసరమైతే కత్తి పట్టాలి. ఒప్పందం ఐదేళ్ళకి. అదీ గొప్పింటి స్త్రీలకే. రైతు పెళ్ళాం గోడు ఎవరికి కావాలి?

పదమూడుమంది, ఐదేళ్ళు. రాజ్యం నిండా వితంతువులు. నవ్వొస్తుంది కదూ! అయినా నాకు వాళ్ళ మీద గౌరవమే. ఎందుకంటే వాళ్ళు పూలగుత్తులు ఇస్తామనలేదు, పోయిన ఆస్తి ఇప్పిస్తామన్నారు. క్రిస్టీన్ కూడా ఆ సంఘాన్ని మెచ్చుకుంటూ కవిత రాసింది.

మెచ్చుకుంది గానీ, వాళ్ళకోసం చూస్తూ కూర్చోలేదు. కలం పట్టి ఇంటిల్లిపాదినీ పోషించింది. ఆడవాళ్ళని తియ్యటి మాటలతో మోసగించి, తర్వాత నలుగురిలో వాళ్ళని ఎగతాళి చేసే మగవాళ్ళని 1399లోనే ఓ కావ్యంలో కడిగి పెట్టింది. 1410లో ఏకంగా యుద్ధనీతి మీదా, షివల్రీ మీదా గ్రంథమే రాసింది! ఆడదాన్నై ఇలాంటిది రాస్తున్నందుకు మన్నించమని మినర్వా దేవిని వేడుకుని, నువ్వూ నేనూ ఇటలీ ఆడపడుచులమేగా అని చనువు కూడా చూపించింది. యుద్ధంతో సంబంధం లేని చదువుకునే కుర్రవాళ్ళనీ, పసిపిల్లల్నీ బందీలుగా పట్టుకోవటం అన్యాయమని అందులో వాదించింది.

ఆ పుస్తకాన్ని 1488లో పారిస్‌లో అచ్చేసినవాళ్ళు ఆవిడ పేరే తీసేశారు. మర్నాటి ఏడు ఇంగ్లండులో కాక్స్‌టన్ తన అనువాదాన్ని అచ్చేసినప్పుడు మాత్రం ఆవిడ పేరు చెప్పాడు. మర్యాదంటే అదీ!

నేనిలా అన్నానని, రేపటినించీ ఎవరూ సీటు ఇవ్వొద్దని కాదు. ఇస్తే సంతోషంగా కూర్చుంటాను. మోకాళ్ళ నొప్పులు నాకూ మొదలయ్యాయి. కానీ షివల్రీకి కాలం చెల్లిందా అని ఎవరైనా అడిగితే, కుర్చీ వేసే షివల్రీ వుంటే వుంది, పోతే పోయింది అంటాను. చేతిలో బలం వున్నవాడు అవతలివాళ్ళకి రావలసింది ఇచ్చేసే షివల్రీ మాత్రం మనకింకా కావాలి. ఇప్పుడు దానికి గుర్రమూ, కత్తీ అక్కర్లేదు. కలం చాలు. ఆ కలం పట్టుకున్న కుర్చీలో రేపు మన ఆడపిల్లలు కూర్చున్నా, ఈ నియమం వాళ్ళకీ వర్తిస్తుంది.

వచ్చే సోమవారం పిన్నితో మళ్ళీ వెళ్తున్నాను. ఆయన కుర్చీ వేస్తే కూర్చుంటాం, టీ ఇస్తే తాగుతాం. తాగేసి లేచి వచ్చెయ్యం. ఫైలు ఎవరి బల్ల మీద వుందో, ఎన్నాళ్ళనించీ వుందో కాగితం మీద రాసివ్వమని అడుగుతాం.