నల్లగొండ నేలలో దొరకిన రోమను బిరుదము

నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లెలో వేయికి పైబడిన రోమను వెండి నాణెములు ఒక్కచోట బయల్పడినవి. వానిలో నత్యధికభాగము అగస్టసు, టైబీరియసు అను నిద్దరు చక్రవర్తుల కాలమునాటివి. ఇట్టి సంగతి విన్నంతనే మనవారు మన మిరియములను, సన్నని వస్త్రములను రోమను స్త్రీ లెంత మక్కువతో కొనెడివారో చెప్పుకొని సంతోషింతురు. ఆ సంతోషము తగినదే. కాని యా నాణెములపై నేమి వ్రాసియున్నదో చదివి చూచువారు తక్కువ. చదివి చూచినచో నందు వర్తకముకంటె మతమే యెక్కువగా గానవచ్చును.

టైబీరియసు నాణెమునే తీసికొందము. ఒకవైపున చక్రవర్తి తల, దానిచుట్టును “దైవమైన అగస్టసు కుమారుడు” అను నర్థమిచ్చు లాటిను అక్షరములు. రెండవవైపున రాజదండమును, చెట్టుకొమ్మను పట్టుకొని కూర్చున్న యొక స్త్రీమూర్తి. ఆమె కిరుప్రక్కల “పాంటిఫెక్సు మాక్సిమసు”, అనగా పురోహితులందరికి పెద్ద, అను బిరుదము. అగస్టసు నాణెముపై గాయసు, లూషియసు అను నతని కూతురి కొడుకు లిద్దరు డాళ్లతో, ఈటెలతో నిలిచియుందురు. వీరిని తాత దత్తత చేసికొనెను. వారి తలలకు నడుమ పైభాగమున ఆహుతి పోయు గరిటెయు, శకునములు చూచువారి వంకరకర్రయు చెక్కబడియున్నవి. ఈ అగస్టసు సయితము తన్ను దైవకుమారుడనియే చెప్పుకొనెను. అతనిని దత్తత చేసికొన్న జూలియసు సీజరును సెనేటు సభవారు క్రీ. పూ. 42లో దేవతలలో జేర్చియుండిరి.

సభ తీర్మానముచే నొకడు దేవుడగుట మనకు వింతగా దోచును. వారికి దోచలేదు. రోమనుల మతమున నమ్ముటకంటె చేయుట ముఖ్యము. వారికి వేదమువంటి ప్రమాణగ్రంథము లేదు, ఇది నమ్మవలెనను నియమమును లేదు. క్రతువు తప్పు లేకుండ జరుగవలెను. నోట నొక్క మాట తప్పిన మొదటినుండి మరల జేయుదురు. దేవతతో వారి వ్యవహారము బేరమువంటిది: నేను నీకింత యిచ్చితిని, నీవు నాకింత యిమ్ము. ముడుపు కట్టు మన యిండ్లలో నిది బొత్తిగా తెలియని సంగతి కాదు. పురోహితులు వేరు కులము గారు. సేనల నడపినవారే, తీర్పులు చెప్పినవారే యజ్ఞపశువు నెదుట నిలుచుచుండిరి. గ్రీకుల మతమును నగరమతమే. వారి జూసును రోమనులు తమ జూపిటరుతోను, హేరాను జూనోతోను పోల్చి యొక్కటిగా జేసికొనిరి. మనుష్యులు తమ రూపమునే దేవతల కంటగట్టుచున్నారని జెనోఫనీసు అను గ్రీకు కవి క్రీ. పూ. ఆరవ శతాబ్దిలో బుట్టినవాడై కూడ నిర్భయముగా ననెను. అయినను నగరము తన దేవతలను వదలలేదు. క్రీ. పూ. 399లో సోక్రటీసుపై మోపిన నేరములలో నగరము కొలుచు దేవతలను కొలువడనునది యొకటి.

టైబీరియసు విషయమున న్యాయము చెప్పవలెను. క్రీ. శ. 25లో స్పెయిను దేశపు రాయబారులు వచ్చి, తనకు గుడి కట్టుద మనగా నతడు వలదనెను. తాను మర్త్యుడనని సభలో జెప్పెను. అంతకు ముందే ఆసియా రాష్ట్రమువారికి మాత్రము సెలవిచ్చియుండెను. నోటితో మర్త్యుడనని చెప్పినను, నాణెముపై దైవకుమారుడను మాటను చెరిపింపలేదు.

ఇక ఆ రెండవ బిరుదము. నేనీ వ్యాసమునకు బూనుకొన్నది దాని కొరకే.

రోమనుల ప్రతియింట పొయ్యియే వెస్టా దేవి. ఇంటిపెద్ద యామెకు భోజనములో భాగమిచ్చును. ఇంటికొక పొయ్యి యున్నట్లే నగరమున కంతటికి నొక పొయ్యి కలదు. అందలి యగ్ని యారరాదు. దానిని కాచుటకు ఆరుగురు కన్యలుండిరి. ఆరేండ్లు నిండి పదేండ్లు మించని బాలికను, తల్లిదండ్రు లిద్దరును బ్రతికియున్నదానిని ఏరి, పాంటిఫెక్సు మాక్సిమసు తండ్రి చెంతనుండి చేయిపట్టి కొనిపోవును. యుద్ధమున జిక్కినదానిని కొనిపోవునట్లు పట్టుకొనునని వారి గ్రంథకర్తయే వ్రాసినాడు. పదేండ్లు నేర్చుట, పదేండ్లు చేయుట, పదేండ్లు నేర్పుట. పిమ్మట గావలెనన్న పెండ్లాడవచ్చును. ఆమెకు గౌరవమునకు గొదువ లేదు. తన సొత్తుపై తనకే యధికారము. వీధిలో నామె కెదురైన అధికారులు త్రోవ విడువవలెను. అంత గౌరవమున్నను పిల్లల నిచ్చుటకు తండ్రులు వెనుదీసిరి. అప్పుడు అగస్టసు, తన మనుమరాండ్రలో దగిన వయసుగల దున్నచో తానే యిచ్చియుందునని ప్రమాణము చేసెను. ఆ వయసుగలది లేకపోవుట యతని యదృష్టము.

నిప్పారినచో నా బాలికను పాంటిఫెక్సు కొరడాతో గొట్టును. శీలము చెడినదని తీర్పు జరిగినచో నేలలో చిన్న గది త్రవ్వి, పడకయు, దీపమును, కొంచె మాహారమును ఉంచి, ఆమెను దింపి పైన మన్ను గప్పుదురు. ఆహార ముంచుట దయచేత గాదు. పవిత్రురాలిని తాము చంపలేదని చెప్పుకొనుటకు! క్రీ. పూ. 216లో కానే యుద్ధమున హానిబలు చేత రోమను సేన నాశనమైనప్పుడు ఇద్దరు కన్యలపై నేరము మోపిరి. ఒకతెను పూడ్చిరి, రెండవయామె తానే ప్రాణము దీసికొనెను. ఓడినది సేనానాయకులు, చచ్చినది బాలికలు. డొమిషియను చక్రవర్తి పాంటిఫెక్సు హోదాతో, కన్యలలో బెద్దయైన కార్నీలియాను విచారింపకయే శిక్షించెను. ఆమె మెట్లు దిగుచుండగా వస్త్రము తగులుకొనెననియు, తలారి చేయందీయగా నా చేయి తాకనొల్లక వెనుకకు జరిగెననియు ప్లినీ తన లేఖలో వ్రాసియున్నాడు.

ఇది దూరదేశపు కథ యని మన మూరకుండ వీలులేదు. మహబూబునగరు ప్రాంతపు పల్లెలలో బాలికలను రజస్వల గాకమునుపే ఎల్లమ్మకో, పోచమ్మకో యిచ్చి జోగిని యను పేరు పెట్టు నాచారము మన కెరుకయే. ఇంట రోగము, ఊర నుపద్రవము, ఏదైన గానీ, దాని పరిహారము పిల్లమీద బడెను. రెండు నొక్కటియని నే ననను. వెస్టా కన్య యున్నతకుటుంబపు బిడ్డ, ఆమెకు సొత్తున్నది, ముప్పదియేండ్ల గడువున్నది. ఈ పిల్ల దళితవాడ బిడ్డ, ఈమెకు గడువు లేదు, దేవి పేరు చెప్పి ఊరి పురుషులకు విడిచిన బ్రతుకు తప్ప వేరు సొత్తు లేదు. అక్కడ బ్రహ్మచర్యము చెడినందులకు శిక్ష. ఇక్కడ బ్రహ్మచర్యము చెరచుటయే యాచారము. పోలిక యొక్కటే: పెద్దల భయమును దీర్చుటకు చిన్నపిల్లను దేవత పేర దీసికొనుట, అట్లు దీసికొను నధికారము తమకు గలదని ఊరు నమ్ముట. మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధచట్టము 1947లో వచ్చినది. జోగినీ యాచారమును గూడ చేర్చి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1988లో చట్టము చేసినది. రోమునందు వెస్టా యగ్ని నాలుగవ శతాబ్ది తుదిని, క్రైస్తవ చక్రవర్తుల యాజ్ఞలచే నారెను. అచ్చట గాని యిచ్చట గాని యా బాలికల నడిగి చేసిన నిర్ణయము మొదట నొక్కటియు లేదు.

మరి యా నాణెములను మనవా రేమి చేసికొనిరి? లాటిను చదువు వా రిచ్చట నుండియుండరు. వెండిగా దూచిరి, బంగారుగా జూచిరి. తమిళదేశమున పుదుక్కోటలో 1898లో దొరకిన బంగారు నాణెములపై ననేకముగా చక్రవర్తి ముఖమున నులిగాటు పెట్టియున్నది. మహబూబునగరు ప్రాంతపు వీపనగండ్లలోను తరువాతి కాలపు రోమను బంగారు నాణెములు దొరకినవి. ఆంధ్రదేశమున దొరకిన యిట్టి బంగారు నాణెములలో పెక్కింటికి రెండేసి రంధ్రములున్నవి. మెడలో ధరించుటకు గాబోలు. ఆ రంధ్రములు తరచుగా చక్రవర్తి తలకు సరిగా పైన వేయబడుటచే, బొమ్మ నిలువుగా ముందువైపునకు వ్రేలాడును. టైబీరియసు బంగారు నాణెములపైనను వెండివాని ముద్రయే కలదు గనుక, అట్టి దానిని ధరించినచో పాంటిఫెక్సు మాక్సిమసు అను బిరుదమున్న వైపు వెనుకకు దిరిగి, ధరించినవారి రొమ్మునకు దగిలి యుండును.