గండిని చూసి కోటను మరిచి

తెలుగులో గండికి రెండర్థాలున్నాయి. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. కొండల వరసను ఏరు కోసుకుపోయిన సందునూ గండే అంటాం. వేంపల్లె దగ్గర పాపాఘ్ని అలా కోసిన చోట వెలసిన స్వామిని గండి ఆంజనేయుడంటారు. అదే కడప జిల్లాలో, జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా చీల్చిన చోట ఉన్నది గండికోట. ఇంత తేటైన పేరుండగా దీన్ని 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని పిలవడానికి అమెరికా దాకా ఎందుకు వెళ్ళాలో నాకు అర్థం కాదు.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చీకటితో బయల్దేరి, పొద్దు పొడిచే వేళకు అంచున బండల మీద కూర్చుంటారు. ఫోటోలు తీసుకుని టిఫిన్ వేళకు జమ్మలమడుగు చేరుకుంటారు. వాళ్ళు గండిని చూశారు గానీ కోటను చూడలేదు. ఊరినైతే అసలే చూడలేదు. ఊరు కోటగోడల లోపలే ఉంది: కొన్ని ఇళ్ళు, వాకిళ్ళలో ఎనుములు, గడ్డివాములు. ఇనప రేకులు తాపి మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపుల నడుమ నుంచే ఊళ్ళోకి దారి.

కోట పుట్టుక గురించి తరచుగా చెప్పే మాట ఒకటుంది. కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు 1123లో దీన్ని కట్టించాడట. ఆ సోమేశ్వరుడు 1068లోనే చనిపోయాడు. అంటే రాజు పేరైనా తప్పు కావాలి, సంవత్సరమైనా తప్పు కావాలి. అయినా ఏ బోర్డు చూసినా రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అప్పట్లో ఏదో చిన్న కోట ఉండేదనుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మనం చూసే కోటకు ఆ రూపం వచ్చింది విజయనగర కాలంలో, పెమ్మసాని నాయకుల చేతుల్లో. వీళ్ళలో రామలింగ నాయుడు కృష్ణదేవరాయల సేనానిగా 'రాయవాచకం' అనే గ్రంథంలో కనిపిస్తాడు. ఒక పక్క నిట్టనిలువు గండి, మిగతా పక్కల ఏటవాలు కొండ కాబట్టి శత్రువు సులువుగా ఎక్కలేడు. అయితే ముట్టడిలో కోటను నిలబెట్టేది గోడ కాదు, లోపల ఉండే తిండీ నీళ్ళూ. రాయలచెరువు, కోనేరు, కమాను కప్పు వేసిన పెద్ద ధాన్యాగారం చూస్తే ఆ లెక్క అర్థమవుతుంది. నా మట్టుకు నాకు గండికోటలో అన్నిటికన్నా గొప్ప కట్టడం ఆ ధాన్యాగారమే. మాధవరాయస్వామి గుడి గోపురం అందంగా ఉంటుంది, నిజమే. కానీ గోపురాలు ఇంకెన్నో చోట్ల ఉన్నాయి.

1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. పర్షియా నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగిన మనిషి. రెండేళ్ళ తర్వాత, 1652లో, ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలూ నగలూ అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి మరి. అతను రాసిపెట్టిన సంగతులు ఏ శాసనంలోనూ దొరకవు. కొండ మీది మైదానంలో వరీ జొన్నా పండుతున్నాయట, ఊటల నీటితో పారుతున్నాయట. మీర్ జుమ్లా డేరాలో కూర్చుని ఎడమచేతి వేళ్ళ సందుల్లో, కాలి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగుతూ ఇద్దరు రాయసగాళ్ళకు జవాబులు చెప్పేవాడట. మధ్యలో నేరస్థుల్ని తెస్తే తీర్పు అక్కడికక్కడే.

టావెర్నియర్ చెప్పిన మరో కథ ఫిరంగులది. బూర్జ్ ఊరివాడైన క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడికి మీర్ జుమ్లా ఇరవై ఫిరంగులు పోతపోసే పని అప్పగించాడు: 48 పౌన్ల గుండు పేల్చేవి పది, 24 పౌన్లవి పది. లోహం కోసం చుట్టుపక్కల గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించారు. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా బెదిరించాడట. కొలిమికి సరిపడా వేడి పుట్టలేదేమోనని నా అనుమానం. ఏమైతేనేం, మాయ్ చివరికి ఒక్క ఫిరంగీ సరిగా పోయలేకపోయాడు. కరిగిన విగ్రహాలూ పోయాయి, ఫిరంగులూ రాలేదు.

1655లో మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు. కడప నవాబులు, హైదర్, టిప్పు, నిజాం, ఇలా కోట చేతులు మారుతూ పోయింది. 1800లో నిజాం ఈ సీమ ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేయడంతో దాని అవసరమే తీరిపోయింది. కంపెనీ కలెక్టరు మన్రో దొరకు కావలసింది శిస్తు, బురుజులు కాదు. కోటను గుర్తు పెట్టుకున్నవాడు కంపెనీ సర్వేయరు మెకంజీ. ఊళ్ళ చరిత్రల్ని కైఫీయతులుగా రాయించినప్పుడు గండికోట కథలనూ రాయించాడు. జామియా మసీదు, పావురాల గోపురం, జైలు, ఇక్కడి చార్మినార్ వేటికవి మిగిలాయి. జనం మాత్రం తగ్గిపోయారు.

ఈ కాలపు పెద్ద మార్పు నీళ్ళది. గాలేరు–నగరి పథకంలో గండికి ఎగువన పెన్నకు అడ్డంగా కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు ఇక్కడికి వస్తున్నాయి. కరువు సీమకు అది చిన్న విషయం కాదు. దాని కింద కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. చెరువుకు గండి పడితే కట్ట వేసి పూడుస్తాం. ఇక్కడ ఏరు యుగాల తరబడి కోసుకున్న దారికే పైన కట్ట వేశాం.

ఇంకో రోజు తీరిక ఉంటే బెలుం గుహలకు వెళ్ళవచ్చు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982–83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్లు కొలిచి పటం గీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని సగం దాకానే పోనిస్తారు. లోపల ఉక్కపోత, ఊపిరి బరువెక్కుతుంది, తువ్వాలు మరవకండి.

గండికోట కథ తెలుసుకోవాలన్నవాళ్ళు మాత్రం పెన్న వెంబడి ఎగువకు, తాడిపత్రికి పోవాలి. చింతల వెంకటరమణస్వామి గుడీ, ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడీ ఈ పెమ్మసానివాళ్ళు కట్టించినవే. బుగ్గ గుడిలో లింగం దగ్గర ఊట నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ గుడి గోపురాలు పూర్తికాలేదు. అడుగు భాగమంతా వేలెడు చోటు వదలకుండా లతలూ బొమ్మలూ చెక్కారు. తల పైకెత్తితే ద్వారం మీద రాతిపని ఆగిపోయి, ఆకాశం కనిపిస్తుంది.